ఆ స్టేషన్‌కి రైలు మళ్లీ రాలేదు

ఒకప్పుడు మద్రాసులో టికెట్ కొంటే కొలంబో దాకా చెల్లేది. రైలు దిగి ఓడెక్కే ఆ చోటే ధనుష్కోడి. అరవై ఏళ్ల కిందట ఒక్క రాత్రి వచ్చిన ఉప్పెన ఆ స్టేషన్‌నీ ఊరినీ ఊడ్చేసింది. కూలిన వంతెన నెలన్నరలో లేచి నిలబడింది. సముద్రానికి అవతలి ఒడ్డున ఆగిపోయిన రైలు కూడా మళ్లీ నడిచింది. ఈ స్టేషన్ మాత్రం అలాగే ఉండిపోయింది. ఎందుకు?

"ఇక్కడే ఉండాలిరా. ఇదిగో, ఈ చుట్టుపక్కలే."

చెప్పులు చేత్తో పట్టుకుని, కుచ్చెళ్లు కాస్త పైకి దోపుకుని, ఇసుకలో నిలబడి చుట్టూ చూస్తున్నారు ఆ పెద్దావిడ. వయసు డెబ్భై ఆరు. ఊరు బాపట్ల. ఎదురుగా పైకప్పు లేని గోడలు. వాటి మొదట్లో మొలిచిన ముళ్లకంప. ఉప్పుగాలికి ఒరుసుకుపోయి, చెయ్యి పెడితే పొడిపొడిగా రాలే రాళ్లు. కాస్త దూరంలో గవ్వల దండలు అమ్మే కొట్లు, చేపలు వేయిస్తున్న పొయ్యిలు, కార్లలో వచ్చి సెల్ఫీలు దిగి వెళ్లిపోతున్న జనం.

"ఏంటి నానమ్మా ఇక్కడ ఉండాల్సింది?" అడిగాడు మనవడు. ఇంజినీరింగ్ చదువుతున్న కుర్రాడు.

"ప్లాట్‌ఫాం."

కుర్రాడు అటూ ఇటూ చూశాడు. అతనికి కనిపిస్తున్నది ఇసుకే. నానమ్మకు మాత్రం ఆ ఇసుక మీద రైలు పెట్టెలున్నాయి, ట్రంకుపెట్టెలున్నాయి, ఎర్రచొక్కా కూలీలున్నారు, పొగ కక్కుతూ నిలబడ్డ స్టీమరుంది. అరవై ఏడేళ్ల కిందట, తొమ్మిదేళ్ల పిల్లగా, వాళ్ల నాన్న చెయ్యి పట్టుకుని ఆవిడ ఇక్కడే రైలు దిగారు.

2025 ఏప్రిల్‌లో పాంబన్ కొత్త వంతెన మొదలయ్యాక, తిరుపతి నుంచి రామేశ్వరం రైలెక్కిన ఎన్నో తెలుగు కుటుంబాల్లో వాళ్లదీ ఒకటి. కొడుకూ కోడలూ రామేశ్వరంలో దర్శనం చేసుకుని, ఇరవై రెండు తీర్థాల్లో స్నానం చేసి తిరిగి వెళ్లిపోదామనుకున్నారు. పెద్దావిడే పట్టుబట్టారు, ధనుష్కోడి చూడాలని. కారణం అడిగితే వెంటనే చెప్పలేదు. "ఒక మనిషిని అడగాలి" అని మాత్రం అన్నారు.

కాశీకి ముందు ఇక్కడికే

'కాశీకి పోయినవాడూ కాటికి పోయినవాడూ ఒక్కటే' అనేవారు మన పెద్దలు. నడిచి వెళ్లే రోజుల మాట అది. వెళ్లినవాడు తిరిగొస్తాడన్న నమ్మకం ఉండేది కాదు. రైలు వచ్చాక ఆ మాటకు పదును తగ్గింది. ఆంధ్రదేశంలో నాలుగెకరాలున్న రైతు కూడా పంట చేతికి వచ్చాక కాశీ, రామేశ్వరం చూసి రావాలనుకునేవాడు.

ఆ యాత్రకో పద్ధతుంది. ముందు దక్షిణాన సేతువు దగ్గర సముద్ర స్నానం చేయాలి. అక్కడి ఇసుక పిడికెడు మూటగట్టుకుని వెళ్లి గంగలో కలపాలి. గంగాజలం తెచ్చి రామేశ్వరంలో స్వామికి అభిషేకం చేయించాలి. అప్పటికి గానీ కాశీయాత్ర పూర్తయినట్టు కాదు. ఆ సేతువు ఉన్న చోటే ధనుష్కోడి. కోడి అంటే తమిళంలో కొస, చివర అని. విభీషణుడు కోరగా రాముడు తన ధనుస్సు కొసతో వారధిని తెంచిన చోటని స్థలపురాణం.

1958లో పెద్దావిడ నాన్నగారు కూడా ఆ పిడికెడు ఇసుక కోసమే బయల్దేరారు. బాపట్ల నుంచి మద్రాసు సెంట్రల్‌కు పెద్ద లైను రైలు. అక్కడి నుంచి జట్కాలో ఎగ్మోర్. ఎగ్మోర్ నుంచి దక్షిణాదికి వెళ్లేవన్నీ మీటర్ గేజి రైళ్లు. రామేశ్వరంలో దర్శనం అయ్యాక, పాంబన్ దాకా వెనక్కి వచ్చి, అక్కడ ధనుష్కోడి పాసింజరు ఎక్కారు. కిటికీకి ఇటు చూస్తే సముద్రం, అటు చూస్తే సముద్రం. మధ్యలో సన్నని ఇసుక దారి మీద రైలు. "రైలు నీళ్లలోకి వెళ్లిపోతుందేమోనని నాన్న ఒళ్లోకి దూరిపోయాను" అని చెబుతారావిడ.

స్టేషన్‌లో దిగగానే ఆయన పిల్లని ట్రంకుపెట్టె మీద కూర్చోబెట్టి, "కదలకు తల్లీ, ఇంటికో కార్డు ముక్క రాసి పడేసి వస్తా" అని పోస్టాఫీసు వైపు వెళ్లారు. పిల్ల ఎంతసేపు కదలకుండా కూర్చుంటుంది? ఎదురుగా ఇల్లంత స్టీమరు. అది చూడాలని లేచింది. నాలుగడుగులు వేసింది. సిలోను వెళ్లే జనం, వాళ్లను సాగనంపే జనం, సామాన్లు మోసే జనం. ఆ తొక్కిసలాటలో వెనక్కి తిరిగేసరికి ట్రంకుపెట్టె కనిపించలేదు.

ఏడుస్తున్న పిల్లను ఒక కూలీ చూశాడు. ఏదో అడిగాడు. తమిళం. పిల్లకు అర్థం కాలేదు. అతను ఇంకేమీ మాట్లాడకుండా ఎత్తుకుని తీసుకెళ్లి, సామాన్లు తూచే పెద్ద కాటా మీద నిలబెట్టాడు. పిల్ల అందరికన్నా ఎత్తులో ఉంటే తండ్రి ఎక్కడున్నా కనబడుతుందన్నది అతని ఆలోచన. అలాగే జరిగింది. ఆయన పరుగెత్తుకుంటూ వచ్చారు. పావలా తీసి ఇస్తే కూలీ కళ్లకద్దుకుని తీసుకున్నాడు. పిల్ల బుగ్గ తట్టి, తలపాగా సర్దుకుని, మరో మూట ఎత్తుకుని వెళ్లిపోయాడు.

అంతే. పేరు తెలియదు. మళ్లీ కనిపించలేదు. కానీ ధనుష్కోడి అంటే ఆవిడకు సేతువూ కాదు, స్టీమరూ కాదు. కాటా మీద నిలబెట్టిన ఆ రెండు చేతులు.

రైలు, ఓడ... మళ్లీ రైలు

ఇంతకీ నాలుగు ఇసుక దిబ్బలు తప్ప ఏమీ లేని చోట అంత పెద్ద స్టేషన్ ఎందుకు కట్టారు?

జవాబు అవతలి ఒడ్డున ఉంది. ఇక్కడి నుంచి శ్రీలంకలోని తలైమన్నార్ ముప్పై కిలోమీటర్ల లోపే. మన దేశానికీ ఆ దేశానికీ మధ్య సముద్రం ఇంత సన్నగా ఉండేది ఇక్కడే. బ్రిటిష్ వాళ్ల కాలంలో సిలోన్ తేయాకు తోటలకు పనివాళ్లు కావాలి. తమిళనాడు పల్లెల నుంచి వేలమంది వెళ్లేవారు. మొదట్లో మద్రాసు నుంచి తూత్తుకుడి దాకా రైలు, అక్కడి నుంచి కొలంబోకు స్టీమరు. సముద్రం మీదే దాదాపు ఒక రోజు గడిచిపోయేది. దారి దగ్గర చేయాలంటే రైలును రామేశ్వరం దీవిలోకి తీసుకురావాలి. అసలు సిలోను దాకా వంతెనే కట్టేద్దామన్న ఆలోచన కూడా చేశారు. ఖర్చు చూసి వెనక్కి తగ్గారు. దీవి వరకు వంతెన, ఆ పైన ఓడ అని తేల్చారు.

అలా పుట్టిందే పాంబన్ వంతెన. రెండు కిలోమీటర్లకు పైగా పొడవు. మధ్యలో ఓడలు వెళ్లేందుకు రెండు రెక్కల్లా పైకి లేచే ఇనుప భాగం. దాన్ని రూపొందించింది అమెరికాకు చెందిన షెర్జర్ కంపెనీ. 1914 ఫిబ్రవరి 24న వంతెన ప్రారంభమైంది. దాంతోపాటే ధనుష్కోడి దాకా రైలు వచ్చింది. సౌత్ ఇండియన్ రైల్వే నడిపిన ఆ రైలును జనం పిలుచుకున్న పేరు 'బోట్ మెయిల్'. ఎగ్మోర్‌లో రైలెక్కి ధనుష్కోడిలో దిగడం, ఎదురుగా సిద్ధంగా ఉన్న స్టీమరు ఎక్కడం, కొద్ది గంటల్లో తలైమన్నార్ చేరి అక్కడ కొలంబో రైలు ఎక్కడం. అన్నిటికీ కలిపి ఒకటే టికెట్. తర్వాతి రోజుల్లో ఆ దారిలో తిరిగిన స్టీమర్ల పేర్లు ఇర్విన్, గోషెన్.

ఇక్కడో విశేషం చెప్పుకోవాలి. ఇప్పుడు మనకు రామేశ్వరం అంటే రైలు ఆగిపోయే చివరి స్టేషన్. అప్పట్లో కాదు. పాంబన్ నుంచి ధనుష్కోడి వెళ్లేదే అసలు లైను. రామేశ్వరానిది దాని నుంచి చీలిన చిన్న కొమ్మ! ఓడ ఎక్కేవారికి రామేశ్వరంతో పని లేదు మరి.

స్టేషన్ వెంటే ఊరు పెరిగింది. పోస్టాఫీసు, తంతి కార్యాలయం, కస్టమ్స్ ఆఫీసు, రైల్వే ఆసుపత్రి, బడి, యాత్రికుల సత్రాలు, గుడి, చర్చి. కట్టడానికి రాయి దొరకని చోట సముద్రంలోని పగడపు రాళ్లనే తెచ్చి సున్నంతో గోడలు లేపారు. ఇప్పటికీ ఆ చర్చి గోడల్లో పగడపు గుత్తుల ఆకారాలు స్పష్టంగా కనిపిస్తాయి.

ఈ రైలుకూ మన మాజీ రాష్ట్రపతి అబ్దుల్ కలాంకూ ఓ బంధం ఉంది. ఆయన చిన్నతనంలో వాళ్ల నాన్న యాత్రికులను రామేశ్వరం నుంచి ధనుష్కోడికి చేరవేసే పడవ ఒకటి తయారుచేశారు. రెండో ప్రపంచ యుద్ధం వచ్చాక రామేశ్వరంలో రైలు ఆగడం మానేసింది. మద్రాసు నుంచి వచ్చే దినపత్రికల కట్టలను రామేశ్వరం, ధనుష్కోడి మధ్య కదులుతున్న రైల్లోంచే కిందకు విసిరేవారు. ఆ కట్టలు ఏరి తేవడంలో పేపర్ల ఏజెంటుగా ఉన్న తన బంధువుకు సాయం చేసింది కలామే. ఆయన జీవితంలో మొదటి సంపాదన అదే.

ఆ రాత్రి

అది 1964 డిసెంబరు 22. అండమాన్ సముద్రంలో పుట్టిన తుపాను బలపడి, శ్రీలంకను దాటి, పాక్ జలసంధిలోకి వచ్చింది. గాలి గంటకు 250 కిలోమీటర్లు దాటిందని అంచనా.

అప్పట్లో తారాపథంలో ఉన్న సావిత్రి, జెమినీ గణేశన్ దంపతులు ఆ రోజుల్లోనే రామేశ్వరం వచ్చారు. ధనుష్కోడి చూసి, చీకటి పడకముందే రామేశ్వరం తిరిగి రావడంతో వాళ్ల ప్రాణాలు దక్కాయని ఆ తరం వాళ్లు ఇప్పటికీ చెప్పుకుంటారు.

రాత్రి 11 గంటల 55 నిమిషాలకు పాంబన్ నుంచి 653 నంబరు పాసింజరు బయల్దేరింది. ఆరు పెట్టెలు. రైల్వే లెక్క ప్రకారం 110 మంది ప్రయాణికులు, 5 మంది సిబ్బంది. మరికొద్ది దూరంలో ధనుష్కోడి ఉందనగా సిగ్నల్ కనిపించలేదు. చుట్టూ చీకటి. గాలి. డ్రైవరు కాసేపు ఆపి చూసి, పొడవుగా కూత వేసి ముందుకు నడిపాడని చెబుతారు. అప్పుడు వచ్చింది అల. ఇరవై అడుగులకు మించిన ఎత్తు. రైలు మొత్తాన్నీ ముంచేసింది. అందులోని వాళ్లెవరూ బతకలేదు.

ఉప్పెన అంటే ఏమిటో మన కోస్తా వాళ్లకు ఎవరూ చెప్పనక్కర్లేదు. 1977 నవంబరు 19న దివిసీమను ముంచెత్తింది అదే. అల వచ్చేదాకా తెలియదు, వచ్చాక చేసేదేమీ ఉండదు. ధనుష్కోడి పరిస్థితి అంతకన్నా దారుణం. పారిపోవడానికి వెనక భూమి లేదు. అటు సముద్రం, ఇటు సముద్రం. దీవిని దేశంతో కలిపే రోడ్డు వంతెన అప్పటికి లేనే లేదు, అది వచ్చింది 1988లో. ఉన్న ఒక్క రైలు వంతెనా ఆ రాత్రే తెగిపోయింది. తంతి తీగలు తెగిపోయాయి. రైలు ఏమైందో బయటి ప్రపంచానికి తెలియడానికే రెండు రోజులు పట్టింది. భారత్, శ్రీలంకల్లో కలిపి ఆ తుపాను దాదాపు 1,800 మందిని బలి తీసుకుందని అంచనా.

బాపట్లలో పేపరు చదువుతున్న నాన్నగారు మధ్యలో ఆగిపోవడం పెద్దావిడకు బాగా గుర్తు. అప్పుడావిడకు పదిహేనేళ్లు. "నాన్నా, మరి కాటా మీద నిలబెట్టిన ఆయన?" అని అడిగారు. ఆయన పేపరు మడిచి పక్కన పెట్టారు. ఏమీ అనలేదు.

రైల్లో ఎందరున్నారో లెక్క ఉంది. టికెట్లు ఉంటాయి కాబట్టి. ప్లాట్‌ఫాం మీద మూటలు మోసేవాడికి టికెట్ ఉండదుగా! సత్రం అరుగు మీద పడుకున్న యాత్రికుడికి, రేవులో పడవ కట్టేసి గుడిసెలో నిద్రపోయిన జాలరికి ఉండదుగా! ధనుష్కోడి కథ ఎవరు చెప్పినా రైలు దగ్గర మొదలుపెట్టి రైలు దగ్గర ఆపేస్తారు. ఊరు అందులో వెనక సీట్లో కూర్చుంటుంది.

46 రోజుల్లో వంతెన, కానీ...

తుపాను పాంబన్ వంతెన గర్డర్లను వందకు పైగా సముద్రంలో పడేసింది. ఓడల కోసం తెరుచుకునే షెర్జర్ భాగం మాత్రం చెక్కుచెదరలేదు. ఆరు నెలల్లో బాగుచేయాలని రైల్వే అనుకుంది. మూడు నెలలు చాలని పైఅధికారి గడువు కుదించారు. పని అప్పజెప్పింది 32 ఏళ్ల ఓ ఇంజినీరుకు. సముద్రం అడుగున పడివున్న గర్డర్లను వెతికించి, పైకి లాగించి, మళ్లీ వాటినే ఎక్కించి, ఆయన ఆ పని 46 రోజుల్లో పూర్తిచేశారు. ఆ ఇంజినీరే ఇ.శ్రీధరన్. తర్వాత కొంకణ్ రైల్వే, ఢిల్లీ మెట్రోలతో దేశమంతటికీ తెలిసిన పేరు. ఆయన ఇంజినీరింగ్ చదివింది మన కాకినాడ ప్రభుత్వ కళాశాలలోనే.

వంతెన లేచింది. రైలు మళ్లీ సముద్రం దాటింది. కానీ పాంబన్ చేరాక ఎడమవైపు రామేశ్వరం కొమ్మకే తిరిగింది. కుడివైపు అసలు లైను మీదకు మరి వెళ్లలేదు.

కారణాలున్నాయి. ధనుష్కోడి నివాసయోగ్యం కాదని అప్పటి మద్రాసు ప్రభుత్వం ప్రకటించింది. రెండు సముద్రాల మధ్య కదిలిపోయే ఇసుక మీద మళ్లీ స్టేషన్ కట్టి, మళ్లీ జనాన్ని చేర్చి, మరో అల కోసం ఎదురుచూడటం తెలివైన పని కాదు. ఆ మాట ఎవరూ కాదనలేరు.

అయితే స్టేషన్‌కు కావాల్సింది ఇసుక గట్టిదనం ఒక్కటే కాదు. అక్కడికి వెళ్లాల్సిన అవసరం కూడా. ఆ అవసరం అప్పటికే సన్నగిల్లుతోంది. బ్రిటిష్ వాళ్ల కాలంలో ఒకే పాలన కింద ఉన్న రెండు ఒడ్లూ స్వాతంత్ర్యం తర్వాత రెండు దేశాలయ్యాయి. పాస్‌పోర్టులు వచ్చాయి, వీసాలు వచ్చాయి. తుపానుకు రెండు నెలలు కూడా ముందు కాదు, 1964 అక్టోబరు 30న లాల్‌బహదూర్ శాస్త్రి, సిరిమావో బండారనాయకే ఓ ఒప్పందం చేసుకున్నారు. దాని ప్రకారం తేయాకు తోటల్లో తరతరాలుగా ఉంటున్న భారత సంతతి వారిలో 5,25,000 మందిని పదిహేనేళ్లలో మన దేశం తీసుకోవాలి. ఏ స్టేషన్ నుంచి వాళ్ల తాతలు ఓడెక్కారో, మనవలు తిరిగొచ్చేసరికి ఆ స్టేషన్ లేదు. వాళ్లు దిగింది రామేశ్వరంలో. ఓడ రామేశ్వరం, తలైమన్నార్ మధ్య కొన్నేళ్లు నడిచింది. శ్రీలంకలో అంతర్యుద్ధం మొదలయ్యాక 1980ల్లో అదీ ఆగిపోయింది.

అలా చూస్తే ధనుష్కోడిని ఉప్పెన కూల్చింది ఒక్క రాత్రిలోనే. కానీ ఏ స్టేషన్ అయినా నిజంగా మూతపడేది గోడలు కూలినప్పుడు కాదు, 'ఇక అక్కర్లేదు' అని కాగితం మీద రాసినప్పుడు. గోడలు కూలిన వంతెనకు 46 రోజులు దొరికాయి. ఈ స్టేషన్‌కు అరవై ఏళ్లలో ఒక్క రోజూ దొరకలేదు.

మధ్యలో ఓ ఆశ చిగురించింది. రామేశ్వరం నుంచి ధనుష్కోడికి 17 కిలోమీటర్ల పైచిలుకు కొత్త లైనుకు 2019లో శంకుస్థాపన జరిగింది. యాత్రికులు, పర్యాటకులు వస్తారన్నది ఉద్దేశం. పర్యావరణం దెబ్బతింటుందని తమిళనాడు ప్రభుత్వం అభ్యంతరం చెప్పింది. పని ముందుకు సాగలేదు.

మిగిలినవాళ్లు

నివాసయోగ్యం కాదన్న చోట మనుషులు ఉండటం మానేశారా? లేదు. జాలరులు తిరిగొచ్చారు. చేప ఉన్నచోటే కదా వాళ్ల బతుకు. తాటాకు గుడిసెలు వేసుకున్నారు. కరెంటు లేదు, రోడ్డు లేదు. ఇసుకలో మూడు నాలుగడుగుల గుంట తవ్వితే ఊరే మంచినీళ్లను ఆడవాళ్లు చిప్పతో తోడి బిందెలు నింపుకున్నారు. రెండు వైపులా ఉప్పు సముద్రం, మధ్యలో గుంటలో తియ్యటి నీళ్లు! మన్నార్ సింధుశాఖ వైపు కెరటాలు ఎగిసిపడే సముద్రాన్ని వాళ్లు మగ సముద్రం అంటారు. ఇటువైపు నెమ్మదిగా ఉండేది ఆడ సముద్రం. ఏది ఎప్పుడు ఎలా ఉంటుందో చూసుకుని, ఓ రోజు అటు, ఓ రోజు ఇటు వల వేస్తారు.

చాలా ఏళ్లపాటు ఇక్కడికి రావాలంటే ఇసుకలో, నీళ్లలో ఊగుతూ తూగుతూ వచ్చే వ్యానులే దిక్కు. 2017లో కొస దాకా తారురోడ్డు పడింది. అప్పటి నుంచి పర్యాటకుల తాకిడి పెరిగింది. గవ్వలు, శంఖాలు, పూసలు, వేయించిన చేపలు. స్టేషన్ పోయిన ఊరికి ఇప్పుడు స్టేషన్ శిథిలాలే జీవనాధారం.

గవ్వల కొట్టు నడిపే ఒకామె దగ్గర ఆగారు పెద్దావిడ. తెలుగు యాత్రికులు ఎక్కువగా వస్తారు కాబట్టి ఆమెకు నాలుగు తెలుగు ముక్కలు వచ్చు.

"ఏం కావాలమ్మా? శంఖం ఇవ్వనా?"

"శంఖం ఇద్దువుగాని. అమ్మాయ్, తుపానుకు ముందు ఇక్కడ స్టేషన్‌లో మూటలు మోసేవాళ్లుండేవాళ్లు. వాళ్ల మనుషులు ఎవరైనా ఉన్నారా?"

ఆమె కాసేపు ఆలోచించింది. గోడల వైపు చూసింది. "మా అత్తవాళ్ల నాన్న మూటలు మోసినాడంట. పడవ కూడా ఉండె. ఆ రాత్రి పోయినాడు. మా అత్త చిన్నపిల్ల, రామేశ్వరంలో వాళ్ల పెద్దమ్మ ఇంట్లో ఉండె. అందుకని మిగిలింది."

అతనేనా? కావచ్చు, కాకపోవచ్చు. స్టేషన్‌లో ఎంతమంది కూలీలు ఉండేవారో! పెద్దావిడ ఆ ప్రశ్న అడగలేదు. "ఫొటో ఏమైనా ఉందా?" అనీ అడగలేదు. అరవై ఏడేళ్ల కిందటి ముఖం, ఫొటో చూపినా గుర్తుపట్టగలరా? ఆమె చెప్పిన ధరకే శంఖం కొన్నారు. బేరం ఆడలేదు. కోడలు ఆశ్చర్యపోయింది. బాపట్ల కూరగాయల బజారులో అత్తగారి బేరం ఎలా ఉంటుందో ఆవిడకు తెలుసు.

అవతలి ఒడ్డు

శిథిలాల నుంచి ఇంకో అయిదు కిలోమీటర్లు వెళితే అరిచల్‌మునై. భూమి అక్కడితో ఆఖరు. రోడ్డు గుండ్రంగా తిరిగి వెనక్కి వచ్చేస్తుంది. మధ్యలో అశోక స్తంభం. దాని అవతల నీళ్లు, నీళ్లలో అక్కడక్కడా తేలే ఇసుక తిన్నెలు.

"అటు ఏముంది నానమ్మా?"

"సిలోను."

మనవడు ఫోన్ తీసి మ్యాప్ చూశాడు. "తలైమన్నార్ అని ఉంది. అక్కడ రైల్వే స్టేషన్ కూడా చూపిస్తోందే!"

నిజమే. అంతర్యుద్ధం వల్ల తలైమన్నార్ రైలు 1990లో ఆగిపోయింది. యుద్ధం ముగిశాక ఆ లైనును తిరిగి వేసింది మన ప్రభుత్వ సంస్థ ఇర్కాన్. 2015 మార్చి 14న భారత ప్రధాని నరేంద్ర మోదీ స్వయంగా తలైమన్నార్‌లో జెండా ఊపి రైలును ప్రారంభించారు. ఒకప్పుడు ఒకే టికెట్ మీద ఉన్న రెండు స్టేషన్లలో అవతలిది పాతికేళ్ల తర్వాత బతికింది, అదీ మన చేతుల మీదుగా. 2023 అక్టోబరులో తమిళనాడులోని నాగపట్నం నుంచి శ్రీలంకలోని కాంకేశన్‌తురైకి ఓడ కూడా మొదలైంది. రెండు ఒడ్లనూ కలపాలన్న కోరిక పోలేదన్నమాట. ఆ దారి ఇక్కడి నుంచి మాత్రం పోవడం లేదు.

చెన్నై ఎగ్మోర్ నుంచి రామేశ్వరం వచ్చే రైలును నేటికీ బోట్ మెయిల్ అనే అంటారు. దాంట్లో ఎక్కేవారిలో చాలామందికి ఆ పేరులో బోటు ఎందుకుందో తెలియదు. తెలిసినవాళ్లు ఏటా తగ్గిపోతున్నారు.

పెద్దావిడ నెమ్మదిగా నీళ్ల దాకా నడిచారు. కొడుకు చెయ్యి అందించాడు. వంగి, తడి ఇసుక పిడికెడు తీసి, చేతిరుమాలులో పోసి ముడి వేశారు. 1958లో తెచ్చిన ఇసుకను వాళ్ల నాన్నగారు మరుసటి ఏడాది కాశీ వెళ్లి గంగలో కలిపారు. ఆ యాత్రకు పిల్లను తీసుకెళ్లలేదు. ఇప్పుడు మోకాళ్ల నొప్పులతో ఆవిడ అంత దూరం వెళ్లలేరు.

"దీన్ని కాశీకి ఎవరు తీసుకెళ్తారు నానమ్మా?"

ఆవిడ ఆ మూటను మనవడి చేతిలో పెట్టి, వేళ్లు మూశారు.

"నువ్వే. గంగలో వదిలేటప్పుడు మీ ముత్తాత పేరు చెప్పు. తర్వాత ధనుష్కోడి కూలీ అని కూడా ఓసారి అను. పేరు తెలీదు కదా... అలా అంటే చాలు."